ఎర్నెస్ట్ అబ్బే: శాస్త్రమూ, శ్రమా

కొంతకాలం క్రితం ఒక జిల్లా రచయితల సమావేశంలో, తెలుగులో వస్తున్న శాస్త్రవేత్తల జీవిత చరిత్రల గురించి నన్ను మాట్లాడమన్నారు. నేను మాట్లాడి కూర్చున్న తరువాత ఒక యువ కథకుడు లేచి, "శాస్త్రవేత్తల జీవితాలు పిల్లలకు పాఠాలుగా పనికివస్తాయి, సరే. వాటితో అభ్యుదయ సాహిత్యానికి పనేమిటి మాస్టారూ?" అని అడిగాడు. వేళ మించిపోతున్నందున ఆనాడు రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను. ఆ జవాబు నాకే తృప్తి కలిగించలేదు. అప్పుడు చెప్పవలసి ఉండిన జవాబును ఇప్పుడు రాస్తున్నాను.

మన భాషలో వచ్చే ఇటువంటి జీవిత చరిత్రలలో చాలా వాటికి ఒకే మూస ఉన్నది. మొదట పేద ఇల్లు, తరువాత వీధి దీపం కింద చదువు, ఒకనాడు మెరుపులా తట్టిన ఆలోచన, చివరకు కీర్తి. పేదరికం మొదటి పేజీలో కనిపించి మూడో పేజీకల్లా మాయమవుతుంది. ఆ మేధావి ఊహించిన పరికరాన్ని ఎవరి చేతులు తయారు చేశాయి, దానివల్ల వచ్చిన లాభం ఎవరి పెట్టెలో పడింది అన్న ప్రశ్నలు ఆ పుస్తకాలలో రావు. ఈ మూసలో ఎంతమాత్రం ఇమడని ఒక జీవితాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. ఆయన జర్మన్ భౌతిక శాస్త్రవేత్త, పరికరాల నిర్మాత ఎర్నెస్ట్ అబ్బే.

నేను ప్రభుత్వ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించిన రోజుల్లో, పరికరాల జాబితాలో ఏటేటా "అబ్బే కండెన్సర్" అన్న మాట రాసేవాణ్ణి. అది మనిషి పేరని విద్యార్థులెవరూ అనుకునేవారు కాదు. మన చెవికి అది "అబ్బే, కాదు" అన్న మాటలా వినిపిస్తుంది గనుక తరగతిలో నవ్వేవారు. తరువాత ఆయన జీవితం చదివినప్పుడు ఆ నవ్వులో కొంత నిజం ఉన్నదనిపించింది. ఆయన బతుకులోని ముఖ్యమైన మలుపులన్నీ ఏదో ఒకదాన్ని కాదన్నవే.

తండ్రి అన్నం గిన్నె

అబ్బే 1840 జనవరి 23న ఐసెనాఖ్ పట్టణంలో పుట్టాడు. తండ్రి అక్కడి నూలు మిల్లులో పనివాడు, తరువాత మేస్త్రీ. ఆ మిల్లులో పని తెల్లవారుజామున ఐదింటికి మొదలై రాత్రి ఏడింటికి ముగిసేది. పని ఎక్కువగా ఉన్న రోజుల్లో నాలుగింటి నుంచి ఎనిమిదింటి వరకు, అంటే పదహారు గంటలు. మధ్యాహ్నం అన్నానికి కూడా విరామం లేదు. ఐదు నుంచి తొమ్మిదేళ్ల వయసు వరకు చిన్న ఎర్నెస్ట్, అతని చెల్లెలు వంతులు వేసుకుని తండ్రికి అన్నం పట్టుకుపోయేవారు. తండ్రి యంత్రానికి ఆనుకుని నిలబడో, ఒక పెట్టె మీద ముడుచుకు కూర్చునో గబగబా తిని, ఖాళీ గిన్నె పిల్లవాడి చేతికిచ్చి తిరిగి పనిలోకి పోయేవాడు. ఆయన ఆజానుబాహువు, మంచి దేహదారుఢ్యం గలవాడు. నలభై ఎనిమిదేళ్లకే చూపులోనూ నడకలోనూ ముసలివాడైపోయాడు. ఆయనంత బలం లేని తోటి పనివాళ్లు ముప్పై ఎనిమిదేళ్లకే ముసలివాళ్లయ్యారు.

ఈ వివరాలు ఏ జీవిత చరిత్రకారుడో కల్పించినవి కావు. 1901లో, పేరు ప్రతిష్ఠలు వచ్చిన తరువాత, పని గంటల తగ్గింపు మీద యేనా నగరంలో ఇచ్చిన ఉపన్యాసంలో అబ్బే స్వయంగా చెప్పినవి. అంటే మొదటి పేజీలోని అన్నం గిన్నెను ఆయన చివరి పేజీ దాకా మోసుకు వచ్చాడు.

ఇంకొక సంగతి. మిల్లు యజమాని సహాయం చేయడం వల్లనే ఈ పిల్లవాడు ఉన్నత పాఠశాలలో చదవగలిగాడు. దాత ఒకడే, దోచుకున్నవాడూ అతడే. తండ్రి ఆయుష్షును పిండుకున్న చెయ్యి కొడుకు ఫీజు కట్టింది. ధర్మబుద్ధి అన్నదాని రుచి ఎటువంటిదో అబ్బేకు చిన్ననాడే తెలిసింది. ముందుముందు దాని ఫలితం చూస్తాము.

తడుములాట నుంచి లెక్కలోకి

యేనాలో, గోటింగెన్‌లో చదివి 1861లో డాక్టరేటు పొంది, 1863 నుంచి యేనా విశ్వవిద్యాలయంలో బోధన ప్రారంభించాడు అబ్బే. అదే పట్టణంలో కార్ల్ జైస్ అనే పరికరాల నిర్మాతకు 1846 నుంచి ఒక చిన్న కార్ఖానా ఉండేది. అక్కడ సూక్ష్మదర్శినులు తయారయ్యేవి. ఆనాటి పద్ధతి ఏమిటంటే, పనివాడు ఒక కటకాన్ని అరగదీసి, మరొకదానితో జతచేసి, చూసి, బాగా లేకపోతే మార్చి, మళ్లీ చూడటం. బాగా కుదిరితే అదృష్టం. ఎందుకు కుదిరిందో ఎవరికీ తెలియదు. ఈ తడుములాట జైస్‌కు నచ్చలేదు. లెక్క ప్రకారం కటకాలు చేయడం సాధ్యమేనా అని 1866లో ఆయన యువకుడైన అబ్బేను అడిగాడు.

ఇక్కడ మూస రచయితలు దాటవేసే ఒక ఘట్టం ఉన్నది. అబ్బే లెక్కలతో చేసిన తొలి కటకాలు, చేతివాటంతో చేసిన పాత కటకాలకన్న తక్కువ నాణ్యతగా వచ్చాయి. కాంతి లోపలికి వచ్చే కోణాన్ని ఇరుకు చేస్తే దోషాలు తగ్గుతాయని ఆయన లెక్క. దోషాలు తగ్గిన మాట నిజమే. కాని వస్తువులోని సన్నని వివరాలు కూడా పోయాయి. పనివాడి చెయ్యి సాధించినదాన్ని పండితుడి లెక్క ఎందుకు సాధించలేకపోయింది? ఈ ఓటమిని ఆయన దాచుకోలేదు. దాని కారణం వెతికాడు. ఆ వెతుకులాటలోనే ఆయన సిద్ధాంతం పుట్టింది.

దానిని సులభంగా చెప్పుకోవచ్చు. సన్నని నేత బట్టను కంటికి అడ్డంగా పెట్టుకుని దూరాన ఉన్న వీధి దీపాన్ని చూడండి. అసలు దీపానికి అటూ ఇటూ చిన్న చిన్న దీపాలు వరుసగా కనిపిస్తాయి. దారాల సందులగుండా వచ్చిన కాంతి పక్కలకు విరిగి వ్యాపించడమే దీనికి కారణం. దీనినే వివర్తనం అంటారు. నేత ఎంత సన్ననైతే ఆ పక్క దీపాలు అంత దూరంగా జరుగుతాయి. సూక్ష్మదర్శిని కింద పెట్టిన వస్తువు కూడా ఇటువంటి నేతే. దాని సన్నదనం గురించిన కబురును మోసుకువచ్చేది ఆ పక్క కిరణాలు. కటకం నడిమి కిరణాన్ని మాత్రమే అందుకుని పక్క కిరణాలను వదిలేస్తే వెలుగు కనిపిస్తుంది గాని నేత కనిపించదు. అబ్బే తొలి కటకాలలో జరిగింది ఇదే. ఇరుకు ద్వారం పక్క కిరణాలను బయటనే ఆపేసింది.

దీని నుంచి ఒక హద్దు తేలింది. 1873లో ఆయన దానిని ప్రకటించాడు. కాంతి తరంగదైర్ఘ్యాన్ని, కటకం కిరణాలను అందుకునే సామర్థ్యానికి రెట్టింపుతో భాగిస్తే ఎంత వస్తుందో, అంతకన్న దగ్గరగా ఉన్న రెండు వివరాలను ఆ కటకం విడదీసి చూపలేదు. ఆకుపచ్చ కాంతితో, నూనెలో ముంచిన మేలిరకం కటకంతో లెక్క కడితే ఆ హద్దు సుమారు 0.2 మైక్రోమీటరు, అంటే మిల్లీమీటరులో అయిదు వేలవ వంతు. ఆ తరువాత ఎన్ని రెట్లు పెంచినా బొమ్మ పెద్దదవుతుందే తప్ప కొత్త వివరమేదీ రాదు.

సిద్ధాంతం దొరికాక పని వేగంగా సాగింది. 1872 నాటికే జైస్ కార్ఖానాలోని సూక్ష్మదర్శినులన్నీ లెక్క ప్రకారం తయారవుతున్నాయి. వస్తువు మీదికి కాంతిని విశాలమైన కోణంలో పంపే కండెన్సర్, పదార్థాల వక్రీభవన గుణకాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటరు, 1878లో నూనెలో ముంచి వాడే వస్తుకటకం వరుసగా వచ్చాయి. గాజే సరైనది దొరకడం లేదని తెలిసినప్పుడు ఒటో షాట్ అనే యువ రసాయన శాస్త్రవేత్తతో కలిసి, 1884లో యేనాలో గాజు ప్రయోగశాల పెట్టారు. కొత్త రకాల గాజుతోనూ, ఫ్లోరైట్ అనే ఖనిజంతోనూ 1886లో రంగుల మసకను దాదాపు తుడిచివేసిన అపోక్రోమాట్ కటకాలు చేశారు.

వీటి విలువ ఏమిటి? 1882 మార్చి 24న రాబర్ట్ కాఖ్ బెర్లిన్‌లో క్షయ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించాడు. ఆ సూక్ష్మజీవి పొడవు రెండు నుంచి నాలుగు మైక్రోమీటర్లు. మందం అబ్బే చెప్పిన హద్దు దగ్గరే ఉంటుంది. రంగు వేసే నైపుణ్యం కాఖ్‌ది. చూపినవి అబ్బే కండెన్సరు, నూనె కటకమూ. ఈనాటికీ మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కళ్లె పరీక్ష చేసే టెక్నీషియన్ గాజు పలక మీద ఒక చుక్క నూనె వేసి కటకాన్ని దించినప్పుడు, ఆ నూలు మిల్లు పనివాడి కొడుకు చేసిన లెక్కనే వాడుతున్నాడు.

వద్దన్నవి

1878లో హెల్మ్‌హోల్ట్జ్ అంతటివాడు బెర్లిన్‌లో ఆచార్య పదవికి పిలిచాడు. అబ్బే వెళ్లలేదు. సూక్ష్మదర్శినికి సంబంధించిన తన మెరుగుదలలకు పేటెంటు తీసుకోకుండా, ఎవరైనా చేసుకోగలిగేటట్లు వివరాలను అచ్చులో ప్రకటించాడు. విజ్ఞానానికి అవసరమైన సాధనం మీద ఎవరూ సుంకం వసూలు చేయరాదని ఆయన అభిప్రాయం. తరువాతి కాలంలో బైనాక్యులర్ల వంటి వాటికి ఆ సంస్థ పేటెంట్లు తీసుకున్న మాట కూడా చెప్పాలి. ఆయనను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు.

అసలైన నిరాకరణ మరొకటి ఉన్నది. 1870ల మధ్యలో జైస్ ఆయనకు కార్ఖానాలో భాగస్వామ్యం ఇచ్చాడు. వ్యాపారం పెరిగి అబ్బే ధనవంతుడయ్యాడు. 1888లో కార్ల్ జైస్ మరణించాడు. మరుసటి ఏడాది అబ్బే జైస్ పేరు మీద, తన పేరు మీద కాదు, ఒక ఫౌండేషన్ ఏర్పాటు చేశాడు. జైస్ కుమారుడికి పరిహారం ముట్టజెప్పి, 1891లో ఆ కార్ఖానా మొత్తాన్నీ, గాజు పరిశ్రమలో తన వాటానూ ఆ ఫౌండేషన్‌కు రాసి ఇచ్చాడు. ఆ నాటి నుంచి ఆయన యజమాని కాడు, జీతం తీసుకునే నిర్వాహకుడు.

దీనికి ఆయన చెప్పిన తర్కం గమనించదగ్గది. ఈ లాభం నా ఒక్కడి తెలివివల్ల రాలేదు, నాకు ముందున్న శాస్త్రం వల్ల, ప్రజల సొమ్ముతో నడిచే విశ్వవిద్యాలయం వల్ల, తరతరాలుగా నైపుణ్యం కూడబెట్టుకున్న పనివాళ్ల వల్ల, వ్యవస్థీకృతమైన సమష్టి శ్రమ వల్ల వచ్చింది, కనుక ఇది ఒక వ్యక్తి ఆస్తి కారాదు అన్నది ఆయన వాదన సారాంశం. ఆయన మార్క్సిస్టు కాడు. రాజకీయంగా ఉదారవాది. కాని తన కార్ఖానాను నిజాయితీగా పరిశీలించిన ఒక భౌతిక శాస్త్రవేత్త అదనపు విలువ ఇంటి గడప దాకా వచ్చి నిలబడ్డాడు.

1896లో ఫౌండేషన్ నియమావళి వచ్చింది. నియామకంలోగాని పదోన్నతిలోగాని పుట్టుక, మతం, రాజకీయ పక్షం చూడరాదు. అబ్బే తన సహాయకుడిగా ఎంచుకుని, నిర్వాహకుడి స్థాయికి తెచ్చిన సీగ్‌ఫ్రీడ్ ఛాప్‌స్కి యూదు కుటుంబంలో పుట్టినవాడు. జర్మనీలో యూదు ద్వేషం రాజకీయ పక్షాలుగా తల ఎత్తుతున్న రోజులవి. పనివారికి వేతనంతో కూడిన సెలవు, పింఛను, తొలగిస్తే పరిహారం, లాభంలో వాటా ఇచ్చారు. లాభంలో వాటా పై నిర్వాహకులకు మాత్రం లేదు. అత్యున్నత అధికారి జీతం కూడా, అనుభవం గల కార్మికుల సగటు సంపాదనకు పది రెట్లు దాటరాదు.

వీటన్నిటికన్న ముఖ్యమైన మాట ఏమిటంటే, ఇవి యజమాని దయ కాదు, పనివాడు న్యాయస్థానానికి వెళ్లి రాబట్టుకోగల హక్కులు. దయగల యజమానులు అబ్బేకు ముందూ ఉన్నారు. వాళ్లు ఇళ్లు కట్టించారు, పండుగకు బహుమతులిచ్చారు, బదులుగా విధేయత కోరారు. దాత చనిపోతేనో, కోపం వస్తేనో ఆ దయ ఆగిపోతుంది. దాత మిల్లులో అన్నం గిన్నె మోసినవాడు గనుక అబ్బేకు ఈ తేడా తెలుసు.

ఎనిమిది గంటలు

1900లో జైస్ కార్ఖానాలో పని దినాన్ని తొమ్మిది గంటల నుంచి ఎనిమిదికి తగ్గించారు. ముందుగా పనివారి అభిప్రాయాన్ని ఓటు ద్వారా తెలుసుకున్నారు. రోజు కూలి తగ్గించలేదు. తరువాత అబ్బే శాస్త్రవేత్తగా ఫలితాన్ని కొలిచాడు. పీస్ రేటు మీద పనిచేసే 233 మంది లెక్కలను, మార్పుకు ముందు ఒక ఏడాది, తరువాత ఒక ఏడాది పోల్చి చూశాడు. తొమ్మిది గంటల పని ఎనిమిది గంటలలో పూర్తి కావాలంటే గంటకు జరిగే పని 100 నుంచి 112.5కు పెరగాలి. వాస్తవంగా అది 116.2కు పెరిగింది. అంటే గంట తగ్గినా మొత్తం ఉత్పత్తి మూడు శాతానికి పైగా పెరిగింది.

కారణం కూడా ఆయన వివరించాడు. యంత్రం ఏ వస్తువూ తయారు చేయకుండా ఊరికే తిరుగుతున్నా శక్తిని తింటుంది. మనిషి కూడా అంతే. శబ్దంలో నిలబడటానికే, ఒకే భంగిమలో వంగి ఉండటానికే కొంత బలం ఖర్చవుతుంది. ఈనాడు తీరని అలసట రేపటికి మిగిలి, రోజుకు రోజు పేరుకుంటుంది. చివరి గంటలో యజమానికి దక్కే పనికన్న పనివాడు పోగొట్టుకునే బలం ఎక్కువ. నలభై ఎనిమిదేళ్లకే ముసలివాడైన తన తండ్రి ఉదంతాన్ని ఆయన చెప్పింది ఈ ఉపన్యాసంలోనే.

జర్మనీలో ఎనిమిది గంటల పని దినం చట్టంగా వచ్చింది 1918 నవంబరు విప్లవం తరువాత. అబ్బే లెక్కలు ఆ పదిహేడేళ్లూ అచ్చులో ఉన్నాయి. లెక్కలు చట్టం తేలేదు, కార్మికుల పోరాటం తెచ్చింది. ఈ మాట చెప్పకపోతే నేనూ మూస రచయితనే అవుతాను. ఆ ప్రశ్న అక్కడితో ముగియనూ లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం కర్మాగారాలలో రోజు పని పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచే సవరణకు ఆమోదం తెలిపింది. తెలంగాణ ప్రభుత్వం అదే ఏడాది వారానికి 48 గంటల పరిమితి ఉంచి వాణిజ్య సంస్థలలో రోజుకు పది గంటలు అనుమతించింది. ఉత్పత్తి పెరగాలన్నదే పెంచేవారు ఎప్పుడూ చెప్పే కారణం. ఉత్పత్తికీ గంటలకూ సంబంధం ఏమిటో 1901లో ఒక భౌతిక శాస్త్రవేత్త కొలిచి చూపాడని మన పాఠకులకు తెలియవద్దా?

ఆయన ప్రయత్నానికి ఉన్న హద్దు

కాంతికి హద్దు చూపినవాడి ప్రయత్నానికీ హద్దు ఉన్నది. చుట్టూ పెట్టుబడిదారీ వ్యవస్థ ఉండగా ఒక్క కార్ఖానాలో న్యాయం నిలుస్తుందని ఆయన నమ్మాడు. అబ్బే 1905 జనవరి 14న మరణించాడు. ఆయన బతికి ఉండగానే కార్ఖానా సైన్యానికి పనికివచ్చే దృశ్య పరికరాలు చేయడం మొదలుపెట్టింది. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ ఆయుధాల వ్యాపారం దానిని పెంచింది. పుట్టుకా మతమూ చూడరాదని రాసుకున్న సంస్థే హిట్లర్ కాలంలో ఇతర దేశాల నుంచి పట్టుకొచ్చిన వారిచేత నిర్బంధంగా పని చేయించింది. 1945లో అమెరికన్ సైన్యం యేనాను సోవియట్ సైన్యానికి అప్పగించే ముందు నిపుణులను పడమటికి తీసుకుపోయింది. తరువాత సోవియట్ అధికారులు యంత్రాలను నష్టపరిహారంగా తరలించారు. 1948లో యేనా కార్ఖానా జాతీయమైంది. పశ్చిమాన ఒబెర్‌కోఖెన్‌లో మరో జైస్ సంస్థ వెలిసింది. పేరు కోసం రెండింటి మధ్య ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. 1990 తరువాత రెండూ కలిసినప్పుడు యేనాలో వేలాది మంది పనులు పోయాయి.

నియమావళి రాసిన కాగితం ఒక్కటే వీటిని ఆపలేకపోయింది. అంతమాత్రాన ఆ కాగితం వృథా కాదు. హక్కును కాగితం మీదికి తెచ్చినవాడు ఒకడుంటే, దానిని నిలబెట్టవలసిన వాళ్లు వేలమంది ఉండాలి.

శాస్త్రంలో ఆయన వినయం చూడండి. తన హద్దును శాశ్వతమని ఆయన చాటలేదు. పేరులో తప్ప మరి దేనిలోనూ సూక్ష్మదర్శినితో పోలిక లేని సాధనాలు ఏవో ఒకనాటికి రావచ్చునని 1870లలోనే రాశాడు. 1931లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చింది. మామూలు కాంతితోనే ఆ హద్దును దాటే ఉపాయాలు కనిపెట్టినందుకు 2014లో ముగ్గురికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. హద్దును స్పష్టంగా రాసి పెట్టినందువల్లనే దానిని ఎక్కడ దాటాలో తరువాతివారికి తెలిసింది.

ఇప్పుడు ఆ యువ మిత్రుడి ప్రశ్నకు వస్తాను. శాస్త్రవేత్త జీవితంతో అభ్యుదయ రచయితకు పనేమిటి? అన్నం గిన్నెనూ సూత్రాన్నీ ఒకే జీవితంలో చూపడమే పని. సూత్రాన్ని విడిచిపెట్టి గిన్నెను రాస్తే కన్నీటి కథ అవుతుంది. గిన్నెను విడిచిపెట్టి సూత్రాన్ని రాస్తే పాఠ్యపుస్తకం అవుతుంది. రెండూ కలిపి, లాభం ఎవరికి చేరిందో కూడా చెబితే అది చరిత్ర. తెలుగులో అటువంటి పుస్తకాలు వేళ్ల మీద లెక్కించవచ్చు. అడిగినవాడు కథకుడు. మొదలు పెట్టవలసిందీ అతడే అని నా మనవి.